విడిచిపెట్టాక

నేను ఇప్పుడు గాలిలో ఉన్నాను. మాటవరసకి కాదు, నిజంగానే గాలిలో, వేదికకి నిలువునా పైన, దీపాల వరస వెనక చీకట్లో, నడుముకి ఒక పట్టీ, తొడలకి రెండు పట్టీలు, వీపు మీద కొక్కెం, ఆ కొక్కెంలోంచి కప్పు దాకా పోయే సన్నటి ఉక్కుతీగ, ఆ తీగ రెండో కొస పక్కన ఇనప అరుగు మీద నిలబడ్డ తాడాయన చేతిలో. తాళ్ళూ కప్పీలూ చూసుకునే ఈ తాడాయన నన్ను మొహం చూసి గుర్తుపట్టడు, బరువు చూసి గుర్తుపడతాడు. ఇవాళ కాస్త గట్టిగా తిన్నారా అమ్మా అని అడుగుతాడు, అడిగి బరువుదిమ్మ ఇంకొకటి తగిలిస్తాడు, నేను సిగ్గు లేకుండా అవునంటాను. ఈ చివరి అంకమంతా నేను పైనే. మధ్యలో దించడం కుదరదు, ఎందుకంటే కప్పీ కదిలితే కీచుమంటుంది, ఎంత నూనె పోసినా దాని కీచు దానిదే, పాట మధ్యలో ఆ కీచు వినపడిందంటే సంగీతం కట్టినావిడ కింద జనంలో కూర్చుని కలం నమిలేస్తుంది. అందుకని తెర లేవకముందే నన్ను పైకి లాగి, ఆరేసిన దుప్పటిలా అక్కడ వదిలేసి, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. మొదట్లో కళ్ళు తిరిగేవి, ఇప్పుడు తిరగవు, కానీ తొడల దగ్గర పట్టీ మాత్రం ఒరుసుకుంటూనే ఉంటుంది, నేను గాలిదాన్నని దానికెవరు చెబుతారు.

అవును, ఈ కథలో నేను గాలిని. గాలిపిల్ల అంటారు ఇక్కడందరూ. పాత నాటకమే, ఎక్కడెక్కడో ఎన్నిసార్లో ఆడిందే: తమ్ముడు రాజ్యం లాక్కుని సముద్రంలోకి తోసేస్తే, పసికూతుర్ని చంకనేసుకుని ఒక దీవికి కొట్టుకొచ్చిన ప్రభువు, పుస్తకాలు చదివి మంత్రాలు నేర్చి, గాలిపిల్లని పనికి పెట్టుకుని, ఏళ్ళు గడిచాక అటుగా వచ్చిన తమ్ముడి ఓడని తుఫానులో బద్దలు కొట్టించి, అందర్నీ ఒడ్డున పడేయించి, చంపగలిగీ చంపకుండా వదిలేస్తాడు. మా సంగీతం ఆవిడ దాన్ని ఒపెరా చేసింది, అంటే మొదటినుంచి చివరిదాకా పాటే, మామూలు మాటన్నది ఒక్కటి లేదు, మంచినీళ్ళు కావాలన్నా పాడే అడగాలి. ఆ ప్రభువుగా కింద నిలబడి పాడుతున్నది మా మావయ్య, నా భర్త తండ్రి, అంతకన్నా ముందు నా గురువు. ఇవాళ్టి మధ్యాహ్నం ఆటతో ఈ ఒపెరా ముగుస్తుంది, ఆయన వేదికెక్కడం కూడా ముగుస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, బయట పోస్టరు మీద కూడా వేశారు, అందుకే హాలు కిక్కిరిసి ఉంది, ముందు వరసలో అత్తయ్య రుమాలు మడతపెట్టుకుని తయారుగా కూర్చుని ఉంది, పక్కన మా ఆయన తాపీగా ఆవలిస్తున్నాడు. పళ్ళ డాక్టరు మా ఆయన. నోరు పెద్దగా తెరిచినవాళ్ళని చూస్తే అందరికీ పాట గుర్తొస్తుంది, ఆయనకి పిప్పిపన్ను గుర్తొస్తుంది.

చూడు, చూడు, ఎలా నిలబడ్డారో. పైనుంచి చూస్తే మావయ్య అంటే ఒక బట్టతల, రెండు భుజాలు, చేతిలో పొడుగు కర్ర, అంతే, కానీ ఆ భుజాలని చూసే చెప్పేయొచ్చు ఊపిరి ఎక్కడిదాకా దించుకున్నారో. మొదటి అంకంలో ఓడ పగులుతుంటే వేదికంతా హడావుడి, ఓడవాళ్ళు తాళ్ళకి వేలాడుతూ అరుస్తారు, ఇద్దరు మనుషులు రేకు పట్టుకుని ఊపి ఉరుములు పుట్టిస్తారు, వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. వేరే ఎవరైనా అయితే ఆ గొడవకి మించి గొంతు పెంచి పాడాలని చూస్తారు, గుండెలు బాదుకుంటారు, మెడ నరాలు తేలతాయి. మావయ్య గొంతు తగ్గిస్తారు. అంత తుఫానులోనూ పక్కన కూతురికి చెబుతున్నంత మెల్లగా, ఏం కాదమ్మా, ఎవరికీ ఏం కాదు అని పాడతారు, అది చిట్టచివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా చెవిలో చెప్పినట్టు వినపడుతుంది. అదెలా చేస్తారని అడిగితే, అరిచేవాడి మాట వినడానికి జనం వెనక్కి వాలతారు, మెల్లగా చెప్పేవాడి కోసం ముందుకి వంగుతారు అన్నారు ఒకసారి, అని, టీలో పంచదార ఎక్కువైందని నా మీద విసుక్కున్నారు. ఆయన పాటంటే నేను చెవి కోసుకుంటాను. ఈ మాట నోటికి రాగానే నాలుక కరుచుకుంటాను, ఎందుకంటే కోసి ఇవ్వగలిగితే నిజంగానే ఇచ్చేదాన్ని.

ఆయనకి వినపడదు. అదీ సంగతి. ఈ హాల్లో ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇంట్లో అదొక పాత హాస్యం, అత్తయ్య కూరగాయలు తెమ్మంటే వినపడదు, బిల్లు కట్టమంటే వినపడదు, పక్కింటావిడ పలకరిస్తే మాత్రం గేటు దాకా వెళ్తారు, మగాళ్ళ చెవులకి తలుపులుంటాయమ్మా అంటుంది అత్తయ్య, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారంటుంది, అందరం నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవారు. ఆయన నవ్వు ఒక్క లిప్త ఆలస్యంగా వస్తోందని, మా మొహాలు చూసి నవ్వుతున్నారని నాకు తట్టడానికి చాలా కాలం పట్టింది. తట్టింది కూడా ఇంట్లో కాదు, పియానో దగ్గర. నేను వాయిస్తున్నాను, ఆయన అందుకోవాల్సిన చోట అందుకున్నారు, కానీ అందుకున్న స్వరం కిందిది. తప్పు శ్రుతి. మా మావయ్య. నిద్రలో లేపి అడిగినా తలుపు కిర్రుమన్న స్వరమేదో, లిఫ్టు ఆగినప్పుడు మోగే స్వరమేదో చెప్పే మనిషి, మొదటి పాఠానికి నేను వెళ్తే నోరు తెరవనివ్వకుండా వంటింట్లో కుళాయి ముందు కూర్చోబెట్టి, ఆ చుక్క ఏ స్వరంలో పడుతోందో చెప్పేదాకా లేవద్దన్న మనిషి. నేను వాయించడం ఆపేశాను. ఆయన నా వేళ్ళవైపు చూశారు, చెవితో కాదు, కళ్ళతో, నేను ఆపానో లేదో తెలుసుకోవడానికి. అప్పుడిక దాచలేదు. వచ్చి నా పక్కన బల్ల మీద, తన కుడిచెవి నావైపు ఉండేలా కూర్చుని చెప్పారు, ఎడమ చెవి ఎప్పుడో పోయిందట, కుడిచెవిలో ఒక ఈల చేరిందట, పగలూ రాత్రీ ఒకటే ఈల, ఒకటే స్వరం.

"అది కూడా సరైన స్వరమైతే సర్దుకుపోదును, అమ్మాయ్. కొంచెం కిందకుంటుంది. పక్కనే కూర్చుని ఎవరో అపస్వరం పాడుతుంటే ఎంతకని ఓర్చుకోను" అన్నారు.

చెవులు పోతున్నందుకు కాదు ఆయన బాధ, ఆ ఈల శ్రుతిలో లేనందుకు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను, ఆయన పియానో మూత వేసి, ఇంట్లో చెప్పకు, మీ అత్తయ్య హాస్యం పాడైపోతుంది అన్నారు. వాద్యాలు మోగుతున్నంతసేపూ ఆ ఈల వెనక్కి పోతుందట, నిశ్శబ్దమైతే ముందుకొచ్చి కూర్చుంటుందట. అందుకని మేమిద్దరం ఒక దొంగపని మొదలుపెట్టాం. ఆయన పాట అందుకోబోయే ప్రతిచోటా, దానికి ఒక్క క్షణం ముందు, నేను పైనుంచి నోరు మూసుకుని సన్నగా ఊఁ అంటాను, ఆయన స్వరాన్నే నా స్థాయిలో పట్టి ఇస్తాను. గాలిని కదా, గాలి ఊదినట్టే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదనుకున్నాం. అనుమానం రాలేదు కానీ సంగీతం ఆవిడ పట్టేసింది. రిహార్సల్లో లేచి నిలబడి ఆ ఊఁ ఎక్కడిది, నేను రాయలేదే అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి, అసలే పైన ఉన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అద్భుతం అంది. ఆయన ఆలోచన ఆయనకన్నా ముందు ఆ పిల్ల ఊపిరిలో పుడుతోంది, ఇది నాకెందుకు తట్టలేదు అని, అప్పటికప్పుడు పెన్సిలుతో ప్రతిచోటా రాసేసుకుంది. పత్రికలో సమీక్ష రాసినాయన ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివాడు, మనిషికీ ప్రకృతికీ ఉన్న బంధానికి ఆ ఊఁకారం ప్రతీక అట, రెండు పేరాలు రాశాడు, మావయ్య అద్దాలు పెట్టుకుని దాన్ని గట్టిగా చదివి, నీకు తెలియకుండానే నువ్వు ఎంత గొప్పదానివో చూశావా అని ఆ రోజంతా నన్ను ఏడిపించారు.

ఇదుగో, ఇప్పుడు. తమ్ముడు మోకాళ్ళ మీద పడ్డాడు, వయొలిన్లు పలచబడ్డాయి, మావయ్య భుజాలు లేచాయి, ఊఁ. అందుకున్నారు. సూదిలో దారంలా ఎక్కింది. క్షమించాను అనే మాటని ఆయన అంత బరువుగా దించుతారు, చేతిలో పట్టుకున్న గాజుసామాను కింద పెడుతున్నట్టు, క్షమించడం ఎంత కష్టమో ఆ దించడంలోనే తెలుస్తుంది. ఈ చోట నాకు ప్రతిసారీ ముక్కులో నీళ్ళొస్తాయి, వేలాడుతూ ముక్కు తుడుచుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు.

పొద్దున వంటింట్లో పాలు పొంగాయి. ఆయన పొయ్యి పక్కనే నిలబడి కిటికీలోంచి వీధి చూస్తున్నారు. గిన్నె అంచు మీదుగా పాలు మంట మీద పడి చుయ్ చుయ్ మంటున్నాయి, నేను గదిలోంచి విని పరిగెత్తుకొచ్చాను, ఆయన కుడిచెవి పొయ్యివైపే ఉంది. కుడిచెవి. వెనక్కి తిరగలేదు. మాడు వాసన ముక్కుకి తగిలాక తిరిగారు, తిరిగి, నన్నూ పొయ్యినీ చూసి, అర్థం చేసుకుని, గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు, తుడుస్తూ నా వైపు చూడలేదు. అంటే అది కూడా పోతోంది. నిన్న ఉన్నంత ఇవాళ లేదు. ఇంక చాలు మావయ్యా, ఇవాళ ఒంట్లో బాగాలేదని చెబుదాం అని చేతి సైగలతో, పెదాలతో, ఎలా వీలైతే అలా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఎవరో దింపితే దిగిపోవడం ఆయనకి ఇష్టం లేదు. తలెత్తుకుని పాడి, తలెత్తుకుని దిగిపోవాలి, పాపం అని ఒక్కరు అనకూడదు, అదొక్కటే కోరిక, ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది కూడా అదొక్కటే.

మిగతా అంకమంతా నేను మోసుకుపోగలను. కానీ ఆఖరిపాట. అక్కడ వాద్యాలు లేవు, గాలిపిల్ల లేదు. ప్రభువు తన మంత్రాల కర్ర విరిచేస్తాడు, గాలిపిల్లని ఇక నీ ఇష్టం పో అని వదిలేస్తాడు, అందరూ వెళ్ళిపోతారు, ఒక్కడే ముందుకొచ్చి, నా మంత్రాలు అయిపోయాయి, నన్నిక ఇంటికి పంపడం మీ చేతుల్లో ఉంది అని జనాన్ని అడుగుతాడు. ఏ తోడూ లేకుండా ఒట్టి గొంతుతో, అంత పెద్ద పాట. పాట చివర ఆయన ఒక స్వరం మీద నిలబడగానే వాద్యాలన్నీ కలిసి అదే స్వరాన్ని ఒక్కసారి మోగిస్తాయి, దీపాలు ఆరిపోతాయి, అయిపోయింది. నిశ్శబ్దంలో ఈల ముందుకొస్తుంది అని చెప్పాను కదా. ఒట్టి గొంతుతో పాడుతున్నంతసేపూ ఆయనకి వినపడేది ఆ ఈలే. అది కిందకి లాగుతుంది. కొద్దికొద్దిగా, పాడేవాళ్ళకి తెలియకుండా. పోయిన ఆటలో లాగనే లాగింది, చాలా కొంచెం, వాద్యాలు దాన్ని కప్పేశాయి, జనానికి తెలియలేదు, వాద్యాల ముందు నిలబడే పుల్లాయన మాత్రం ఒకసారి తలెత్తి చూశాడు. ఇవాళ కప్పలేవు. ఇవాళ ఆయన కిందకి జారిన స్వరాన్ని అన్ని వాద్యాలూ అసలు స్వరంతో వచ్చి ఢీకొంటే, అది పాట రాని పిల్లవాడికి కూడా తెలిసే తప్పు, జీవితాంతం పాడిన మనిషి వదిలి వెళ్ళే ఆఖరి చప్పుడు అది. అందుకే బతిమాలాను, ఒక్కచోట, మధ్యలో ఒక్కచోట ఊఁ అంటాను మావయ్యా, ఎవరు కనిపెడతారు అని. కాగితం మీద రాసి మరీ చూపించాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"విడిచిపెట్టాక కూడా పని చేయించుకుంటే అది విడవడం ఎలా అవుతుంది, అమ్మాయ్? కథకి అర్థం లేకుండా పోతుంది. నేను వదిలేశానంటే వదిలేసినట్టే. నువ్వు నోరు తెరవకు" అన్నారు.

ఎంత మొండివాడో. ఎంత గొప్ప మొండివాడో. తెరవనని మాట ఇచ్చాను.

పుల్లాయనంటే మా వాద్యబృందాన్ని నడిపించేవాడు. కండక్టరు అని మొదటిసారి చెబితే అత్తయ్య, టిక్కెట్లు ఆయనే కొడతాడా అంది. చేతిలో పుల్ల పట్టుకుంటాడని మేం పుల్లాయనంటాం, ఇద్దరు గాయకులు కాస్త సఖ్యంగా ఉంటే ఓర్వలేక మధ్యలో పుల్లలు పెడతాడని కూడా అంటాం. నాకాయనంటే పడదు. ఒకరోజు నడవాలో ఎదురై, మీ మావయ్యగారికి ఒంట్లో బాగుంటోందా అని అడిగాడు, అడిగిన తీరు చూసి నాకు ఒళ్ళు మండింది, గుండ్రాయిలా ఉన్నారు అన్నాను, ఆయన ఓహో అని కళ్ళద్దాలు తుడుచుకుంటూ పోయాడు. తెలిస్తే ఇంకేముంది, మావయ్యని తప్పించి బదులు పాడేవాణ్ణి దింపేస్తాడు, ఆ బదులువాడు గొంతు సవరించుకుంటూ పక్కగదిలోనే కాచుకుని ఉన్నాడు. చూడు, కింద వాద్యాలవాళ్ళు కూర్చునే గుంతలో పుల్లాయన పిలక నిక్కబొడుచుకుని కనిపిస్తోంది, మనిషి ముందు నుంచి ఎంత దర్జాగా ఉంటాడో పైనుంచి అంత బట్టతల.

ఒకప్పుడు నా గొంతులో పొక్కు వచ్చి కోసి తీసేసినప్పుడు డాక్టరు చాలా రోజులు మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దన్నాడు. మళ్ళీ పాడతానో లేదో చెప్పలేనన్నాడు. మా ఆయన పలక కొనితెచ్చాడు, అత్తయ్య నా వంతు కూడా తనే మాట్లాడేసింది, చుట్టాలంతా వచ్చి గట్టిగట్టిగా పలకరించారు, మాట రానివాళ్ళకి చెవులు కూడా రావనుకుంటారు జనం. మావయ్య మాత్రం సాయంత్రం టీ వేళకి నా గదికి వచ్చి, కుర్చీ లాక్కుని, ఏమీ మాట్లాడకుండా కూర్చునేవారు. ఓదార్పు లేదు, ఉపదేశం లేదు. ఆయన పాఠాలు చెప్పాల్సిన వేళ అది, విద్యార్థుల్ని వద్దని పంపేసి మరీ. నేను నోరు మూసుకున్నన్నాళ్ళూ ఆ ఒక్క వేళ ఆయన కూడా నోరు మూసుకున్నారు, నాకు తోడుగా. అప్పటికే ఎడమ చెవి పోయి ఉండాలి, ఆ నిశ్శబ్దంలో ఈల కూడా మొదలై ఉండాలి, అదంతా ఓర్చుకుంటూ కూర్చున్నారన్నమాట, నాకిప్పుడు తెలుస్తోంది. నేను మా నాన్నని అంతగా ప్రేమించానో లేదో తెలియదు.

కర్ర. కర్ర ఎత్తారు. విరిగింది, చెక్క ముందే కోసి ఉంచుతారు. ఇప్పుడు నావైపు తలెత్తుతారు, ఈ ఒక్కచోటే కథ ప్రకారం నావైపు చూడొచ్చు. ఊఁ. పాడారు, పో, ఇక నీ ఇష్టం, గాలిలో కలిసిపో, నిన్ను మరిచిపోను. నా వంతు. నేను పాడాలి, మాటలు లేని పాట, సంతోషంగా పైపైకి పోయి ఆగిపోయే పాట, సంతోషంగా పాడాలట, ఆవిడ అలాగే రాసింది. పాడాను. గొంతు బాగానే వెళ్ళింది, చివరి స్వరం పిట్ట ఎగిరినట్టు పోయింది. నా పని అయిపోయింది. తాడాయన నాకేసి చూసి బొటనవేలు పైకెత్తాడు. ఇక కదలకూడదు, నోరు తెరవకూడదు. వాద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మావయ్య ఒక్కరే ముందుకొచ్చారు. మొదలుపెట్టారు. నా మంత్రాలు అయిపోయాయి. శ్రుతిలోనే ఉంది. ఉంది, ఉంది. నేను ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటున్నాను, మనసులో అసలు స్వరాన్ని గట్టిగా పట్టుకుని ఆయన స్వరం పక్కన పెట్టి చూస్తున్నాను, రెండూ ఒకటే, ఒకటే, మిగిలింది నా సొంత బలం, అదీ కొంచెమే అని పాడుతున్నారు, ఇక్కడ, ఇక్కడ జారింది, వెంట్రుకవాసి. పైకి పట్టండి మావయ్యా, ఇంకొంచెం పైకి. అబ్బ, ఎంత బాగా పాడుతున్నారు, ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు, ఇది పాటలా లేదు, వీధి గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని చెబుతున్నట్టుంది, జనం ముందుకి వంగారు, అత్తయ్య రుమాలు సంగతి మరిచిపోయింది, మా ఆయన, ఎన్నడూ లేనిది, నోరు తెరుచుకుని చూస్తున్నాడు, ఇంకొంచెం జారింది. నా నోట్లో ఊఁ ఉంది. నాలుక కింద ఉంది. పెదాలు బిగబట్టాను. వద్దన్నారు, వదిలేశానన్నారు, ఇప్పుడు అంటే ఆయన మాటని నేలపాలు చేసినట్టే. జారింది. ఇప్పుడు పూర్తిగా కింద స్వరంలో ఉన్నారు, కానీ అక్కడ గట్టిగా, చెక్కుచెదరకుండా ఉన్నారు, అన్ని స్వరాలూ ఒకదానితో ఒకటి సరిగ్గా ఉన్నాయి, మొత్తం ఇల్లే ఒక మెట్టు దిగినట్టు. ఆ ఈల. ఆ ఈలలోకి వచ్చేశారు. మమ్మల్నందర్నీ ఆయన చెవిలోకి తీసుకుపోయారు, హాలంతా ఇప్పుడు ఆయన వింటున్నదే వింటోంది, ఎవరికీ తెలియడం లేదు. నన్ను పంపించండి అన్నారు. ఆఖరి స్వరం మీద నిలబడ్డారు. ఇప్పుడు పుల్ల లేస్తుంది. లేచింది. గుంతలో వయొలిన్లన్నీ లేచాయి, ఊదేవాళ్ళు ఊపిరి తీశారు, నేను కళ్ళు మూసుకున్నాను.

ఏమీ మోగలేదు.

కళ్ళు తెరిచాను. పుల్లాయన పుల్లని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కిందకి దించాడు, రెండో చేయి అరచేయి బోర్లించి అందరికీ చూపించాడు, వద్దు. వయొలిన్లు ఒడిలోకి దిగాయి. ఎవరూ వాయించలేదు. మావయ్య స్వరం ఒక్కటే హాలంతా నిండి, సన్నబడి, ఆగింది. పుల్లాయనకి తెలుసు. నడవాలో అడిగిన రోజే తెలుసు. తెలిసీ పాడనిచ్చాడు, తెలిసీ ఆవిడ రాసిన ముగింపుని తన చేత్తో కొట్టేశాడు, ఓరి నాయనా, నేను ఈయన్నా ఇన్నాళ్ళు తిట్టుకున్నది. గెలిచాం మావయ్యా, ఢీకొట్టలేదు, ఎవరికీ తెలియదు, పాట అలాగే ముగుస్తుందనుకుంటారు అని నేను గాలిలో కాళ్ళు ఆడించబోయి, ఆయన్ని చూశాను.

మావయ్య కదలడం లేదు. దీపాలు ఆరలేదు, దీపాలావిడ వాద్యాలు మోగితేనే ఆర్పాలి, అవి మోగలేదు కనక మీట మీద చేయి పెట్టుకుని ఎదురుచూస్తోంది. దీపాలు ఆరలేదు కనక జనం చప్పట్లు కొట్టడం లేదు, ఇంకేదో ఉందని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అంత వెలుగులో, అంత నిశ్శబ్దంలో ఆయన ఒక్కరే నిలబడి వాద్యాల కోసం ఎదురుచూస్తున్నారు. గుంత ఆయనకి కనపడదు, ఎదురుగా దీపాలు కళ్ళలో కొడతాయి. ఆయన చేయి మెల్లగా కుడిచెవి దగ్గరికి వెళ్ళింది. వేళ్ళతో చెవి తాకి చూసుకున్నారు. అప్పుడర్థమైంది నాకు. మోగిందనుకుంటున్నారు. అంతమంది వాయించారనీ, తనకే వినపడలేదనీ, ఆ కాస్తా ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందూ పోయిందనీ అనుకుంటున్నారు. ఆ భుజాలు, తుఫానులో కూడా కదలని ఆ భుజాలు, రెండూ వంగిపోతున్నాయి. పుల్లాయన పెట్టిన దయ ఆయన్ని చంపేస్తోంది, ఆ సంగతి ఈ హాల్లో ఇంకెవరికీ తెలియదు, తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నేను తీగకి వేలాడుతున్నాను, నోరు తెరవనని మాట ఇచ్చాను.

ఎవరికి ఇచ్చాను? వదిలేశానన్నారు కదా. ఇక నీ ఇష్టం అన్నారు కదా. ఇష్టమే, మావయ్యా.

నోరు తెరిచాను. ఊఁ కాదు, గాలి కాదు, నిండు గొంతుతో, ఆ అని, పుస్తకంలో ఉన్న స్వరం కాదు, ఆయన నిలబడి ఉన్న స్వరం, ఆ కిందిది, ఆ తప్పుది, దాన్నే పట్టుకుని పాడాను. తాడాయన ఉలిక్కిపడితే తీగ ఊగింది, కప్పీ కీచుమంది, కీచుమంటే మననీ. సంగీతం ఆవిడ లేచి నిలబడింది. పుల్లాయన తలెత్తి చూశాడు. నేను ఎవర్నీ పట్టించుకోలేదు, ఊపిరున్నంత మేరా ఆ ఒక్క స్వరాన్నే కిందకి పంపాను. మావయ్య చేయి చెవి మీదనుంచి జారింది. మొహం పైకెత్తారు, దీపాల మధ్యలో నేనెక్కడున్నానో ఆయనకి కనపడదు, అయినా సరిగ్గా నా వైపుకే ఎత్తారు, ఎత్తి, తల కాస్త పక్కకి వంచి, వింటున్నారు.